పేరు పైకి చదివిన రోజులు

మా రోజుల్లో ఓటు వేయడానికి వచ్చిన మనిషి పేరు గదంతా వినబడేలా చదివేవాళ్లం. అది మా ముచ్చట కాదు, నిబంధన. మొదటి పోలింగ్ అధికారి ముందు ఓటర్ల జాబితా ఉండేది. స్లిప్పు అందుకుని, వరస నంబరు వెతికి, మనిషి పేరు, తండ్రి పేరో భర్త పేరో గొంతెత్తి చదవాలి. బెంచీ మీద కూర్చున్న ఏజెంట్లు తమ దగ్గరున్న జాబితాలో ఆ పేరు మీద గీత కొట్టుకునేవాళ్లు. అనుమానం వచ్చినవాడు అక్కడికక్కడే లేచి, "ఈవిడ ఆవిడ కాదండీ, ఆవిడ కూతురింటికి పోయి రెండేళ్లయింది" అనేవాడు. రెండు రూపాయలు కట్టి ఛాలెంజ్ చేసేవాడు. ప్రిసైడింగ్ అధికారి పనులన్నీ ఆపి విచారించేవాడు. ఛాలెంజ్ ఉత్తదనో దురుద్దేశంతో చేసిందనో తేలితే రెండు రూపాయలు సర్కారుకి, లేకపోతే వెనక్కి.

ఇంకో ఏర్పాటూ ఉండేది. తీరా వచ్చేసరికి తన ఓటు ఎవరో వేసేసి పోయారని తెలిసినవాణ్ణి ఉత్త చేతులతో పంపేవాళ్లం కాదు. అతను తానే అసలు మనిషినని తేల్చుకుంటే టెండర్ ఓటు ఇచ్చేవాళ్లం. ఆ కాగితం పెట్టెలో పడదు, వేరే కవరులోకి వెళుతుంది, లెక్కలోకి రాదు. కానీ ఫలానా బూతులో ఫలానా మనిషి పేరు మీద దొంగ ఓటు పడిందనడానికి సాక్ష్యంగా మిగులుతుంది.

నేను బడిపంతుల్ని. 1967 ఎన్నికల నుంచి ఉద్యోగ విరమణ దాకా ఎన్నికల డ్యూటీ వచ్చినప్పుడల్లా చేశాను. మాది దివిసీమ. పెట్టెలు పడవెక్కించుకుని కృష్ణ దాటి లంక ఊళ్లకు పోయినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పట్లో దొంగ ఓట్లు లేవని నేను అనడం లేదు. బూతులకు బూతులు పట్టుకున్న ఊళ్లు ఉన్నాయి. ఫలానా పేట నుంచి ఒక్కరినీ గడప దాటనీయని పెత్తందార్లు ఉన్నారు. కానీ ఆ దొంగతనం పగటిపూట జరిగేది, ఊరంతా చూసేది. ఏ బూతులో ఎవరు దౌర్జన్యం చేశారో సాయంత్రానికి బజార్లో చెప్పుకునేవాళ్లు, మళ్లీ పోలింగ్ పెట్టమని అడిగేవాళ్లు. నాకిప్పుడు బాధ కలిగిస్తున్నది ఎవరి కంటా పడని ఓటు.

జాబితా అంటే అప్పట్లో గోడ మీద కాగితం. ముసాయిదా రాగానే చావడి దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో అంటించేవాళ్లు, టముకు వేయించేవాళ్లు. చదువు వచ్చినవాడు చదివి చెబితే రానివాళ్లు చుట్టూ నిలబడి వినేవాళ్లు. "పేరయ్య పోయి ఏడాది దాటింది, ఇంకా ఉంచారేమిటి", "మా కోడలి పేరేదీ" అని అక్కడే గొడవ పడేవాళ్లు. కరణం, మునసబు ఆ మాటలు రాసుకుని పోయేవాళ్లు. 1984లో ఆ ఉద్యోగాలు పోయాయి. వాళ్ల పెత్తనం పోయినందుకు నాకు విచారం లేదు. ఊళ్లో ఎవరు బతికి ఉన్నారు, ఎవరు వలస పోయారు అన్నది తెలిసిన కన్ను కూడా వాళ్లతో పోయింది. దానికి మాత్రం విచారమే.

పేరు పదిమంది ముందు చెప్పకపోతే ఏమవుతుందో ఈ దేశానికి మొదటి ఎన్నికల్లోనే తెలిసింది. 1951-52లో ఉత్తరాది రాష్ట్రాల్లో లక్షల మంది ఆడవాళ్లు తమ పేరు చెప్పకుండా ఫలానావాడి భార్యనని, ఫలానావాడి తల్లినని రాయించుకున్నారు. అప్పటి ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్ అలాంటి నమోదు చెల్లదన్నాడు. దాదాపు 28 లక్షల మంది స్త్రీలు ఓటు లేకుండా మిగిలిపోయారు. కఠినమైన నిర్ణయమే. కానీ ఎవరి పేర్లు పోయాయో, ఎందుకు పోయాయో దేశానికి తెలిసింది. తర్వాతి ఎన్నికలకు ఆడవాళ్లు సొంత పేరుతో జాబితాకెక్కారు.

పోస్టల్ ఓటు మాకు కొత్త కాదు. సరిహద్దులో ఉన్న సైనికుడికీ, సొంత ఊరు వదిలి వేరే బూతులో డ్యూటీ చేస్తున్న మాబోటి ఉద్యోగికీ అది ఉండేది. మాబోటివాళ్లం ఫారం 12లో దరఖాస్తు పెట్టుకుంటే బ్యాలెట్, దానితో పాటు 13ఎ అనే ధ్రువీకరణ పత్రం వచ్చేవి. మన సంతకం నిజమని ఒక అధికారి సాక్ష్యం చెప్పాలి. ఓటు 13బి కవరులో పెట్టి, దాన్నీ ధ్రువీకరణనూ 13సి కవరులో పెట్టి పంపాలి. ఇప్పటికీ అవే ఫారాలు, అవే కవర్లు. కానీ అప్పుడు అలా ఓటేసేవాళ్లు చాలా కొద్దిమంది, ఎవరెవరో ఆఫీసులో అందరికీ తెలిసినవాళ్లే. ఇప్పుడు ఆ ద్వారం బాగా వెడల్పయింది. 2024లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ఐదు లక్షలకు పైగా పోస్టల్ ఓట్లు పడ్డాయి. మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. ఈ మధ్యలో సాక్షి సంతకం పెట్టిన అధికారి ముద్ర లేకపోయినా 13ఎ చెల్లుతుందా లేదా అని రచ్చ మొదలై, హైకోర్టు దాకా, అక్కడి నుంచి లెక్కింపుకు ముందు రోజున సుప్రీంకోర్టు దాకా పోయింది. ఎన్నికల సంఘం చెప్పినట్టే చెల్లుతుందన్న మాటే నిలిచింది. ఎవరు సాక్ష్యం చెప్పారో తెలియదన్న అనుమానం నుంచే ఆ రచ్చంతా పుట్టింది. ఏ కేంద్రంలో ఏ అధికారి ఎందరికి సాక్షిగా నిలిచాడో ఓట్లు వేసిన సాయంత్రమే బయట పెట్టి ఉంటే, లెక్కింపుకు ముందు రోజు దాకా ఎవరూ కోర్టుల చుట్టూ తిరగాల్సిన పని ఉండేది కాదు.

మా పెద్దమ్మాయి వాళ్లు అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో షార్లెట్ పక్కన ఉంటారు. వాళ్లకు అక్కడి పౌరసత్వం వచ్చింది, ఓటు వచ్చింది. నేను వెళ్లినప్పుడు అమ్మాయి వంటింటి బల్ల మీద బ్యాలెట్ పరిచి, తీరిగ్గా అభ్యర్థుల పేర్లు చదువుకుంటోంది. "దరఖాస్తు పెడితే చాలు నాన్నా, ఇంటికే పంపుతారు" అంది. అక్కడ సాధారణ ఎన్నికకు 60 రోజుల ముందు నుంచే ఈ కాగితాలు పంపడం మొదలవుతుంది. అంటే ఓటు కాగితం వారాల తరబడి ఇంట్లో ఉంటుంది. "అమ్మా, ఈలోగా ఎవరైనా వచ్చి పట్టుకుపోతే?" అని అడిగాను. "ఇక్కడ అలాగే జరిగింది నాన్నా, ఎన్నికే రద్దయింది" అంది.

ఆ కథంతా చదివి తెలుసుకున్నాను. దాన్ని మన వాళ్లు తెలుసుకోవాలి కనుక కాస్త వివరంగా రాస్తాను.

2018 నవంబరు 6న అక్కడి తొమ్మిదో కాంగ్రెస్ నియోజకవర్గంలో రిపబ్లికన్ అభ్యర్థి మార్క్ హ్యారిస్ 905 ఓట్లతో గెలిచినట్టు లెక్క తేలింది. ఓడింది డెమొక్రాట్ డాన్ మెక్రెడీ. ఆ నియోజకవర్గం షార్లెట్ శివార్ల నుంచి తూర్పున బ్లేడెన్ అనే పల్లెటూళ్ల కౌంటీ దాకా సాగి ఉండేది. ఆ రాష్ట్రంలో ఒక మంచి పద్ధతి ఉంది. పోస్టులో ఓటు ఎవరు అడిగారు, ఎవరికి పంపారు, ఎవరి కవరు తిరిగి వచ్చింది, ఆ మనిషి ఏ పార్టీ కింద నమోదయ్యాడు అన్న వివరాలు ఎన్నికల బోర్డు జనానికి ఇస్తుంది. ఎవరికి ఓటేశాడన్నది ఎక్కడా ఉండదు. ఆ లెక్కలు ముందేసుకుని మైకేల్ బిట్జర్ అనే రాజనీతి శాస్త్ర ఆచార్యుడు కూర్చున్నాడు. బ్లేడెన్‌లో పోస్టు ద్వారా ఓటేసిన వాళ్లలో రిపబ్లికన్లుగా నమోదైనవాళ్లు 19 శాతమే. హ్యారిస్‌కు అక్కడ వచ్చిన పోస్టల్ ఓట్లు 61 శాతం. నియోజకవర్గంలో మరే కౌంటీలోనూ పోస్టల్ ఓట్లలో ఆయనకు ఆధిక్యం లేదు. అంతకుముందు మేలో సొంత పార్టీలో జరిగిన పోటీలోనూ బ్లేడెన్ పోస్టల్ ఓట్లు హ్యారిస్‌కు 437 పడ్డాయి, అప్పటి కాంగ్రెస్ సభ్యుడు పిట్టెంజర్‌కు 17 పడ్డాయి.

రాష్ట్ర ఎన్నికల బోర్డు ఆ ఫలితాన్ని ధ్రువీకరించలేదు. 2019 ఫిబ్రవరిలో రాలీ నగరంలో నాలుగు రోజులు బహిరంగ విచారణ జరిగింది. మెక్రే డౌలెస్ అనే స్థానిక కార్యకర్త మనుషుల్ని పెట్టి ఇంటింటికీ పంపాడని తేలింది. వాళ్లు ముందు దరఖాస్తులు రాయించారు. తర్వాత ఓటు కాగితాలు ఇళ్లకు చేరగానే మళ్లీ వెళ్లి పట్టుకొచ్చారు. అక్కడి చట్టం ప్రకారం ఓటరు గానీ దగ్గరి బంధువు గానీ చట్టబద్ధ సంరక్షకుడు గానీ తప్ప ఇంకెవరూ ఆ కవరు పట్టుకెళ్లకూడదు, ఇద్దరు సాక్షుల ఎదుటో నోటరీ ఎదుటో ఓటు గుర్తించాలి. చూడని ఓటుకు సాక్షి సంతకాలు పెట్టామని, ఖాళీగా ఉన్న గడులు కొన్ని తామే నింపామని డౌలెస్ దగ్గర పనిచేసిన మనిషే బోర్డు ముందు చెప్పింది. అనుమానం రాకుండా కవర్లు కొద్దికొద్దిగా, ఓటరు ఇంటికి దగ్గరున్న పోస్టాఫీసు నుంచే వేసేవాళ్లట. సాక్షుల సంతకాలకు సిరా రంగు కలిసేలా, స్టాంపు తలకిందులుగా పడకుండా చూసుకునేవాళ్లట. చదువుతుంటే నా ఒళ్లు మండింది. చావడి ముందు నిలబడి "మా కోడలి పేరేదీ" అని అడిగే ముసలమ్మ లాంటివాళ్లే అక్కడా మోసపోయారు. పేదవాళ్లు, పెద్ద చదువులు లేనివాళ్లు, ఇంటికొచ్చిన మనిషి సాయం చేస్తున్నాడనుకుని కాగితం చేతికిచ్చినవాళ్లు.

ఆ విచారణలో అందరికన్నా బలంగా మాట్లాడింది హ్యారిస్ సొంత కొడుకు. అతను ప్రభుత్వ న్యాయవాది. 2016లో బ్లేడెన్ పోస్టల్ ఓట్లు దాదాపు అన్నీ ఒకే అభ్యర్థికి పడినట్టు బహిరంగంగా ఉన్న లెక్కల్లో చూశానని, ఆ డౌలెస్‌ను పెట్టుకోవద్దని 2017లోనే తండ్రికి చెప్పానని సాక్ష్యమిచ్చాడు. తండ్రి అక్కడే కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. మర్నాడు తానే కొత్త ఎన్నిక జరగాలన్నాడు. బోర్డులోని ఐదుగురూ ఒకే మాటగా ఆ ఎన్నికను కొట్టేశారు. 2019 సెప్టెంబరు 10న మళ్లీ ఎన్నిక జరిగి వేరే రిపబ్లికన్ అభ్యర్థి డాన్ బిషప్ గెలిచాడు. డౌలెస్ మీద కేసులు పెట్టారు. విచారణకు రాకముందే 2022 ఏప్రిల్‌లో అతను చనిపోయాడు.

కాపలా కాసింది ఎవరో చూడండి. పోలీసు కాదు, యంత్రం కాదు, ఓటరు వేలి మీద సిరా కాదు. బహిరంగంగా పెట్టిన జాబితా. ఒక పంతులు తన గదిలో కూర్చుని లెక్కలు కూడి, ఇందులో ఏదో తేడా ఉందని చెప్పగలిగాడు. ఒక కొడుకు ముందే చూసి తండ్రిని హెచ్చరించగలిగాడు. మా బూతులో పేరు పైకి చదివేవాళ్లం అన్నానే, పోస్టులో వెళ్లే ఓటుకు ఆ చదవడం లేదు. దరఖాస్తుల జాబితాను జనం ముందు పెట్టడమే దానికి చదవడం.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం లేదు. ఎవరు దరఖాస్తు పెట్టారో ముందే తెలిస్తే, ఎవరి ఇంటికి ఓటు కాగితం వచ్చి ఉందో దొంగకీ తెలుస్తుంది. డౌలెస్ మనుషుల లాంటివాళ్లకు అది చేతికిచ్చిన చిరునామా పుస్తకం. అందుకే నార్త్ కరోలినా శాసనసభ 2019లో చట్టం మార్చింది. ఓటు కాగితం ఓటరు చేతిలో ఉన్నన్నాళ్లు ఎవరు అడిగారన్నది బయటికి ఇవ్వకుండా, ఆ తర్వాతే జనానికి తెరిచేలా చేసింది. ఇది తెలివైన పని. జాబితాను పాతిపెట్టకుండా, తెరిచే వేళ మాత్రం మార్చారు. అదే సాకుగా పెట్టుకుని శాశ్వతంగా మూసేసి ఉంటే మళ్లీ ఒక బిట్జర్ కూర్చుని లెక్కలు చూసే వీలే ఉండేది కాదు.

ఇక మన దగ్గరికి వస్తాను. 2019 అక్టోబరులో మన ఎన్నికల నియమాలు మార్చి వృద్ధులకు, వికలాంగులకు ఇంటి దగ్గర ఓటు ఇచ్చారు. మొదట 80 ఏళ్లు దాటినవాళ్లకు. 2024 లోక్‌సభ ఎన్నికలకు ముందు దాన్ని 85కు పెంచారు. 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లకూ ఉంది. నోటిఫికేషన్ వచ్చాక ఐదు రోజుల్లో ఫారం 12డి ఇవ్వాలి. ఫారం బూతు స్థాయి అధికారి (బీఎల్‌వో) తెచ్చిస్తాడు, తానే తీసుకెళతాడు. దరఖాస్తు ఆమోదం పొందితే ఓటర్ల జాబితాలో పేరు దగ్గర పీబీ (పోస్టల్ బ్యాలెట్) అని గుర్తు పెడతారు. ఇక ఆ మనిషి బూతుకు వచ్చి ఓటేయడానికి లేదు. చెప్పిన రోజున పోలింగ్ సిబ్బంది, పోలీసు, వీడియో తీసేవాడు ఇంటికొస్తారు. అట్టముక్కతో చాటు కట్టి ఓటు వేయించుకుని, కవర్లు మూయించి అప్పుడే పట్టుకుపోతారు. మనిషి ఇంట్లో లేకపోతే ఇంకోసారి వస్తారు. ఆమోదించిన పేర్ల జాబితా, ఇళ్లకు వెళ్లే రోజులు అభ్యర్థులకు ముందే ఇస్తారు. వాళ్ల ఏజెంట్లు వెంట రావచ్చు.

అమెరికా పద్ధతి కన్నా ఇది వెయ్యి రెట్లు మేలని గట్టిగా చెబుతాను. ఓటు కాగితం గంటసేపు కూడా ఇంట్లో ఒంటరిగా ఉండదు. డౌలెస్ లాంటివాడికి మధ్యలో చొరబడే సందు దొరకడం కష్టం. మంచం మీద నుంచి లేవలేని నా ఈడువాళ్లు కొందరు ఏళ్ల తర్వాత ఓటు వేసి ఎంత సంతోషించారో నేను కళ్లారా చూశాను. ఈ ఏర్పాటు నిలవాలి.

నా పేచీ అంతా ఒక్కచోట. ఆ జాబితా పార్టీల చేతికి పోతోంది, ఊరికి రావడం లేదు. 2024లో మా ఊరి నుంచి ఎవరెవరు ఇంటి ఓటు అడిగారో చూస్తానని ఒక ఆఫీసుకు వెళ్లాను. బల్ల వెనక కూర్చున్న కుర్రాడు తల ఎత్తకుండా, "పార్టీలకు ఇచ్చేశాం తాతగారూ, మీకెందుకు?" అన్నాడు. ఇంకో గదికి పంపారు. ఆ గదిలో, అది వ్యక్తిగత సమాచారం అన్నారు. ముప్పై ఏళ్లు ఊరి జాబితాను ఊరి ముందు చదివినవాణ్ణి నేను. పార్టీ మనిషికి వ్యక్తిగతం కానిది పక్కింటి మనిషికి ఎలా వ్యక్తిగతం అవుతుంది? పార్టీ ఏజెంటు చూసేది తన ఓట్లెన్ని, అవతలివాడివి ఎన్ని అని. ఊళ్లో ఇద్దరు ఏజెంట్లూ కలిసిపోయారంటే ఇక అడిగే నాథుడు లేడు. పక్కింటి మనిషి అలా కాదు. "పక్క వీధి రత్తమ్మకు తన కొడుకులే గుర్తు లేరు, ఆవిడ దరఖాస్తు ఎవరు పెట్టారు?" అని అడగగలిగేది ఆ మనిషే.

అలా అడగగలిగే కన్ను ఎంత పని చేస్తుందో ఈ మధ్యే మన పొరుగు రాష్ట్రంలో చూశాం. 2023 ఎన్నికల ముందు కర్ణాటకలోని ఆళంద నియోజకవర్గంలో ఓట్లు తొలగించమని ఆన్‌లైన్‌లో 6,018 దరఖాస్తులు వచ్చాయి. దాదాపు అన్నీ వేరే వేరే మనుషుల పేర్ల మీదే. ఆ మనుషులకు ఆ సంగతే తెలియదు. ఒక బూతు అధికారిణి తన బంధువు పేరే తొలగింపు దరఖాస్తుల్లో కనబడి ఆరా తీస్తే వ్యవహారం బయటపడింది. విచారించగా నిజమైనవి 24 మాత్రమే. మన ఆంధ్రలో 2019 ఎన్నికల ముందు పేరు తొలగించమని అడిగే ఫారం 7లు లక్షల్లో వచ్చి పడలేదా? ఎవరి పేరు మీద పెట్టారో వాళ్లకే తెలియని దరఖాస్తులు ఎన్నో తేలాయి, కేసులు పెట్టాల్సి వచ్చింది. హైదరాబాదులో 2018 డిసెంబరు 7న గుర్తింపు కార్డు పట్టుకుని బూతుకు వెళ్లి, పేరు లేదని తిరిగొచ్చిన వేలమంది సంగతి మరిచిపోయామా? తెలంగాణ ఎన్నికల ప్రధాన అధికారి స్వయంగా క్షమాపణ చెప్పారు. జాబితా గోడ మీద ఉండి, దాన్ని చదివే అలవాటు బస్తీకి ఉండి ఉంటే ఆ క్షమాపణ అవసరం ఉండేది కాదు.

నమోదు, తొలగింపు, సవరణ కోరుతూ వచ్చిన దరఖాస్తుల పట్టీలను ఫారం 9, 10, 11ల కింద రాసి ఓటర్ల నమోదు అధికారి ఆఫీసులో పెట్టాలని, వెబ్‌సైట్‌లోనూ ఉంచాలని నియమం ఉంది. మంచి నియమం. కానీ వెబ్‌సైట్లో జాబితా తెరిస్తే అది బొమ్మగా తీసిన పీడీఎఫ్. పేరు కొట్టి వెతకడానికి లేదు. వెతకగలిగే రూపంలో ఇవ్వమని వేసిన కేసును 2018లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒక్క బూతు జాబితా చూడాలన్నా పేజీ పేజీ తిప్పుకుంటూ కళ్లు పోగొట్టుకోవాలి. మా రోజుల్లో చదువు రాని మనిషి కూడా చావడి దగ్గర పేరు విని అభ్యంతరం చెప్పగలిగేవాడు. ఇప్పుడు ఎమ్మే చదివినవాడు కూడా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఓడిపోతున్నాడు. దీన్ని అభివృద్ధి అనడానికి నాకు నోరు రావడం లేదు.

పైగా ఉన్న కిటికీలు కూడా ఒక్కొక్కటే మూస్తున్నారు. 1961 ఎన్నికల నియమాల్లో 93వది ఉంది. కొన్ని మూటలు కోర్టు ఆజ్ఞ లేకుండా విప్పకూడదు, ఎన్నికకు సంబంధించిన మిగతా కాగితాలన్నీ జనం చూడవచ్చు అని అది చెప్పేది. 2024 డిసెంబరులో దాన్ని సవరించి, నియమాల్లో పేరు పెట్టి చెప్పిన కాగితాలే చూడవచ్చు అని చేశారు. హర్యానా ఎన్నికల కాగితాలు, వీడియోలు ఇవ్వమని పంజాబ్-హర్యానా హైకోర్టు చెప్పిన కొద్దిరోజులకే ఇది జరిగింది. 2025లో పోలింగ్ వీడియోలు 45 రోజులు ఉంచితే చాలన్నారు. ఇంటి ఓటు వేయించేటప్పుడు వీడియో తీస్తున్నారు, బాగానే ఉంది. ఎవరూ చూడలేని వీడియోకు కాపలా పని ఎలా చేతనవుతుంది?

అదే సమయంలో ఇంకో దారి కూడా ఉందని బిహార్ చూపించింది. 2025 ఆగస్టు 1న అక్కడ విడుదలైన ఓటర్ల జాబితా ముసాయిదాలో దాదాపు 65 లక్షల మంది పేర్లు లేవు. ఎవరివి పోయాయో, ఎందుకు పోయాయో చెప్పమంటే మొదట చెప్పలేదు. ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పమంది. ఆ పేర్లు, తీసేసిన కారణాలు బూతుల వారీగా వెబ్‌సైట్‌లో వెతకగలిగేలా పెట్టాలని, పంచాయతీ ఆఫీసుల దగ్గర కూడా అంటించాలని చెప్పింది. పెట్టారు, అంటించారు. అంతమంది పేర్లు కొద్దిరోజుల్లో బయటికి వచ్చాయంటే, మా మండలంలో ఇంటి ఓటు అడిగిన కొద్దిమంది ముసలివాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయడం కష్టమని ఎవరు చెప్పినా నేను నమ్మను.

నేను అడుగుతున్నది చిన్న పని. 12డి దరఖాస్తుల గడువు ముగిసి, ఆమోదం అయ్యాక, ఊరికొక కాగితం గ్రామ సచివాలయం దగ్గర అంటించాలి. అందులో ఓటరు పేరు, ఇంటి నంబరు, దరఖాస్తు ఇచ్చిన తేదీ ఉండాలి. దరఖాస్తు చేతికిచ్చింది ఎవరు, ఓటరేనా, కొడుకా, ఇంకొకరా అన్నది తప్పకుండా ఉండాలి. బ్లేడెన్ కథలో అసలు దొంగ దొరికే గడి అదే. సిబ్బంది వచ్చి వెళ్లాక తేదీ, ఓటు తీసుకున్నారా లేదా అన్నది చేర్చాలి. ఫోన్ నంబరు వద్దు, సంతకం వద్దు, జబ్బు పేరు వద్దు. ఎవరికి ఓటేశారన్నది మా రోజుల్లోనూ రహస్యమే, ఇప్పుడూ రహస్యమే, ఎప్పటికీ అలాగే ఉండాలి.

దీని మీద నాకు చెప్పే అభ్యంతరం ఒకటే. పేర్లు బయట పెడితే పార్టీలవాళ్లు ముసలివాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగి విసిగిస్తారు, డబ్బు ఎర చూపిస్తారు అంటారు. అయ్యా, ఆ పేర్లు ముందుగా అందుతున్నది వాళ్లకే కదా. తిరిగేవాళ్లు ఇప్పుడూ తిరుగుతున్నారు. మా వీధిలో తిరగడం నేను చూశాను. వాళ్లు ఎవరింటికి ఎందుకు వెళుతున్నారో తెలియనిది ఊరికి మాత్రమే. అభ్యర్థి చేతికి ఇచ్చిన ఆ కాగితానికే ఇంకో ప్రతి తీసి సచివాలయం గోడకు అంటించడానికి అడ్డు వచ్చే నియమం ఏదో చూపించమని లిఖితపూర్వకంగా అడిగాను. జవాబు రాలేదు. వచ్చే ఎన్నికల నోటిఫికేషన్ లోగా మళ్లీ అడుగుతాను, ఈసారి మా ఊళ్లో ఎనభై ఐదు దాటిన వాళ్లందరి సంతకాలతో.